ఆ తలుపు చప్పుడు

(ఫిల్మ్ క్లబ్బులో సినిమా ప్రదర్శన అయ్యాక చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

కూర్చోండి, అందరూ కూర్చోండి. టీ వస్తోందన్నారు. వచ్చేలోగా నేను మొదలుపెట్టేస్తాను. మధ్యలో గ్లాసులు గలగలమన్నా నాకేం ఇబ్బంది లేదు, ఇవాళ మనం మాట్లాడుకోబోయేది చప్పుళ్ల గురించే.

లైట్లు వెయ్యగానే మూడో వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో అన్న మాట నా చెవిన పడింది. "బాగానే ఉంది గానీ, ఇంతకీ కథేదీ?" అన్నారు. (నవ్వులు) తలదించుకోకండి సార్, నేనూ మొదటిసారి చూసి ఇదే అడిగాను. ఒక పొడుగాటి మనిషి డొక్కు కారులో సముద్రం ఒడ్డున హోటలుకి వస్తాడు. కొన్నాళ్లుంటాడు. సెలవులైపోగానే వెళ్లిపోతాడు. విలన్ లేడు, పెళ్లి లేదు. మార్తీన్ అనే అమ్మాయితో ఒక్క డాన్సు ఉంది, దాన్ని ప్రేమ అందామంటే ఆ డాన్సు కూడా పాట అయిపోగానే అయిపోతుంది.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. సినిమా పేరు "లె వకాన్స్ ద మస్యో ఉలో". మస్యో హులో గారి సెలవులు. రాతలో హ ఉంటుంది, ఫ్రెంచివాళ్లు పలకరు. నాకు మాత్రం హులో అంటేనే నోటికి బాగుంది, అలాగే అంటాను. తీసినవాడు, అందులో హులోగా వేసినవాడు ఒక్కడే, జాక్ తాతి. తాత కాదు, తాతి. (నవ్వులు) అసలు ఇంటిపేరు తాతిషెఫ్, తండ్రి వైపు రష్యన్ వంశం. 1907లో పారిస్ పక్కన లె పెక్ అనే ఊళ్లో పుట్టాడు. సినిమా 1953 ఫిబ్రవరిలో విడుదలైంది. ఫ్రాన్సులో ఫిబ్రవరంటే వణికించే చలి. ఆ చలిలో ఓవర్‌కోట్లు వేసుకుని థియేటర్‌కొచ్చి, తెరమీద ఈతదుస్తుల్లో తిరిగేవాళ్లని చూసి నవ్వారన్నమాట.

నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి. నేను విమర్శకుణ్ణి కాను. మద్రాసులో ఎఫెక్ట్స్ థియేటర్లలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. తెరమీద గుర్రం పరుగెడుతుంటే చీకట్లో కూర్చుని కొబ్బరిచిప్పలు కొట్టిన చేతులివి. హీరోయిన్ నడిచొస్తుంటే పట్టుచీర గరగర కోసం నేనే చీర పట్టుకుని నలిపేవాణ్ణి. అందుకని నా చూపు కొంచెం వంకర. అందరూ సినిమా చూస్తారు, నేను వింటాను. ఈ సినిమా నాలాంటివాళ్ల కోసమే తీశాడేమో అనిపిస్తుంది నాకు.

మొదటి సీను గుర్తుచేసుకోండి. రైల్వే స్టేషను. సెలవులకి బయల్దేరిన జనం ప్లాట్‌ఫారం మీద మూటాముల్లెతో నిలబడ్డారు. మైకులో ఏదో ప్రకటన వచ్చింది. ఏమన్నాడు? గరగరా బరబరా ఏదో అన్నాడు. అంతే, అందరూ పెట్టెలెత్తుకుని మెట్లు దిగి, అడుగున దారిలో పరుగెత్తి, అవతలి ప్లాట్‌ఫారం ఎక్కారు. రైలేమో వీళ్లు వదిలేసి వచ్చిన ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. మళ్లీ గరగర, మళ్లీ పరుగు. మీరంతా ఇక్కడ పగలబడి నవ్వారు. సబ్‌టైటిల్ ఒక్క ముక్క లేదు, ఉన్నా లాభం లేదు. ఆ ప్రకటన ఫ్రెంచివాడికీ అర్థం కాదు! భాష రాని మనమూ, వచ్చిన వాళ్లూ ఆ ప్లాట్‌ఫారం మీద ఒకటే. మన స్టేషన్లలో "దయచేసి వినండి" అన్నాక ఏం చెబుతారో ఎవరికి తెలుసు గనక.

తాతి పద్ధతి ఏమిటంటే, బొమ్మ ముందు తీసేసేవాడు. చప్పుళ్లన్నీ తర్వాత స్టూడియోలో కూర్చుని ఒక్కొక్కటే ఎంచి అతికించేవాడు. మేమూ అదే చేసేవాళ్లం, కాకపోతే మా తాపత్రయమంతా అచ్చం అసలులాగే వినిపించాలని. తలుపు తీస్తే తలుపు చప్పుడు, కొడితే దెబ్బ చప్పుడు. దెబ్బ మటుకు అసలుకంటే పదింతలుండాలనుకోండి. (నవ్వులు) తాతి అలా కాదు. సముద్రం ఒడ్డున వంద మంది ఉంటే వంద చప్పుళ్లుండాలి కదా. ఆయన తొంభై ఐదు తీసేస్తాడు. ఓ పిల్లాడి కేక, గాలి, దూరంగా అల, హులో కారు ఫట్‌ఫట్. అంతే. మిగిలిన ఆ నాలుగైదు చప్పుళ్లూ ఒంటరిగా నిలబడి ఉంటాయి, వాటినే వింటాం.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరికొద్దాం. హోటల్ భోజనాల గదికీ వంటగదికీ మధ్య, అటూ ఇటూ ఊగే తలుపు. సర్వర్ పళ్లెం పట్టుకుని దాన్ని తోసుకుంటూ వెళ్తాడు, వస్తాడు. ఊగినప్పుడల్లా "డొంగ్" అంటుంది. చెక్క చప్పుడు కాదది, బందు కిర్రుమనడం కాదు. పెద్ద వాయులీనం తీగని వేలితో మీటితే ఎలా ఉంటుందో అలా. ఏ తలుపూ అలా మోగదు. పాత్రల్లో ఒక్కరు కూడా తలెత్తి "ఇదేం తలుపురా" అనరు. కెమెరా దాని మీదికి ఒక్కసారి కూడా వెళ్లదు. భోజనాలు జరుగుతుంటాయి, అది డొంగ్ అంటుంటుంది. మొదటిసారి మీకు వినిపించదు, మూడోసారి అనుమానమొస్తుంది. నాలుగోసారి తలుపు ఊగకముందే పెదవి మీదికి నవ్వు వచ్చేస్తుంది. నేను ఇరవైసార్లు చూసుంటాను, ఆ చప్పుడు దేనితో చేశారా అని నా బుర్ర బద్దలు కొట్టుకుంటూనే ఉన్నాను.

అదే గదిలో ఇంకో చిన్న విషయం, చాలామంది గమనించి ఉండరు. మాంసం ముక్కలు కోసేవాడు తలుపు వైపు ఓ కన్నేసి ఉంచుతాడు. లావుపాటి మనిషి లోపలికొస్తే ముక్క మందం పెంచుతాడు, బక్కమనిషొస్తే కాగితమంత పల్చగా కోస్తాడు. మన పెళ్లి భోజనాల్లో వడ్డించే మనిషి మొహం చూసి గరిటె తిప్పడు? ఆ లెక్కే. అలాగే హులో ఏదో అందుకోవడానికి పక్కవాడి ముందు నుంచి చెయ్యి చాపితే, ఆ పెద్దమనిషి తన తువ్వాలనుకుని హులో చొక్కా చేతికి మూతి తుడుచుకుంటాడు. ఇవేవీ దగ్గరి షాట్లో చూపించడు తాతి. మన సినిమాలో అయితే ఈపాటికి క్లోజప్, దాని మీద ఓ "టంయ్" అనే మ్యూజిక్, పక్కనున్నవాడి రియాక్షన్. ఇక్కడ గది మొత్తం కనిపిస్తూ ఉంటుంది, అందులో ఒక మూలన ఆ పని జరిగిపోతుంది. చూశారా చూశారు, లేదా లేదు. ఇందాక హాల్లో నవ్వులు ఒక్కసారి రాలేదు, గమనించారా? ఎడమ వైపు ఒక నవ్వు, కాసేపాగి వెనక ఇంకో నవ్వు. ఎవరికి దొరికింది వాళ్లు నవ్వారు.

ఆ ఐస్‌క్రీం పిల్లాడు సరేసరి. బుడ్డోడు. రెండు చేతుల్లో రెండు కోన్‌లు. ఒక్కో మెట్టూ వాడి మోకాలంత. ఎక్కాడు. తలుపు పిడి వాడి తలకన్నా ఎత్తులో ఉంది. కోన్ ఉన్న చేత్తోనే పిడి పట్టుకున్నాడు. పిడి తిప్పితే చెయ్యి తిరుగుతుంది, చెయ్యి తిరిగితే కోన్ తిరుగుతుంది, ఐస్‌క్రీం పడిపోతుంది. ప్రపంచంలో ఏ హాస్యనటుడైనా పడేస్తాడు, పడితేనే నవ్వు. తాతి పడనివ్వడు! కోన్ తలకిందులైంది, ఐస్‌క్రీం అలాగే ఉంది, వాడు లోపలికెళ్లి కూర్చుని స్నేహితుడికి ఒకటి ఇచ్చి తనొకటి తింటున్నాడు. హాల్లో మీరందరూ ఒక్కసారి "హమ్మయ్య" అన్నారు. ఇంతసేపూ పట్టిన ఊపిరి వదలడమే అక్కడ నవ్వు.

ఇక పింగ్‌పాంగ్. సీను మొదలయ్యేసరికి మనకి బల్ల కనిపించదు. హాల్లో పెద్దవాళ్లు పేకాడుతూ, పేపర్లు చదువుతూ నిశ్శబ్దంగా ఉంటారు. పక్క గదిలోంచి టక్, టక్, టక్. హులో ఒక్కడూ మధ్యమధ్య గుమ్మంలోకొచ్చి బంతి వెతుక్కుంటాడు. అలా వెతుకుతూ ఒక పేకాటాయన కుర్చీని కాస్త తిప్పాడు. ఆయన చూసుకోకుండా తన ముక్కని వెనక బల్ల మీద వేసేశాడు. చూడండి, నిప్పుపుల్ల గీసి వెళ్లిపోయినట్టు హులో వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు బల్లలవాళ్లూ ఒకర్నొకరు మోసగాళ్లని అరుచుకుంటుంటే హులో ఆ గదిలోనే లేడు. మామూలుగా కమెడియన్ దెబ్బలు తింటాడు, మనం నవ్వుతాం. హులో దారిన పోతాడు, వాడు పోయిన దారి పొడుగునా లోకం తిరగబడుతుంది.

హులోగా తాతి కదలికని ఒకసారి చూడండి. ఆరడుగులు దాటిన మనిషి, ముందుకి వాలిన నడుము, మడమలు నేలకి ఆనీ ఆననట్టు నడక, నోట్లో పైపు. పైపు తియ్యకుండా పేరు చెబితే రిసెప్షన్‌లో ఏమీ అర్థం కాక, ఆ హోటలాయన తనే చెయ్యి చాపి పైపు పీకుతాడు. అప్పుడు వినిపిస్తుంది, "హులో". సినిమా మొత్తంలో హులో మాట్లాడేది దాదాపు అదే! తాతి కుర్రతనంలో రగ్బీ ఆడేవాడు. ఆ తర్వాత మ్యూజిక్ హాళ్లలో ఆటగాళ్లని మూగగా అనుకరించే అంకం వేసి పేరు తెచ్చుకున్నాడు. టెన్నిస్ వాడు, గోల్‌కీపర్, బాక్సర్, గుర్రపురౌతు, అన్నీ ఒంటితోనే. రచయిత్రి కొలెత్ 1936లోనే అతన్ని మెచ్చుకుంటూ రాసింది. అందుకే ఇందులో ఆ టెన్నిస్ ఆట. రాకెట్ అమ్మే దుకాణంలో ఆవిడ ఎలా పట్టుకోవాలో చూపిస్తుంది, ముందుకోసారి, వెనక్కోసారి, ఆపైన దెబ్బ. హులో ఆ మూడు కదలికల్నీ అక్షరం తప్పకుండా కోర్టులో చేస్తాడు. ఆడేవాళ్లందరూ చిత్తు. మనవాళ్లు అప్పచెప్పిన పద్యంలా ఉంటుంది, అర్థంతో పనిలేదు, ధాటి కావాలి.

టీ వచ్చింది. తీసుకోండమ్మా, అటు ఇవ్వండి. నాకు చక్కెర లేకుండా.

ఇప్పుడు సెలవుల మాట. ఫ్రాన్సులో కూలివాడికీ గుమాస్తాకీ జీతంతో సెలవు అనేది 1936లో వచ్చింది. లెయోన్ బ్లూమ్ ప్రభుత్వం, దేశమంతా సమ్మెలు, జూన్‌లో చట్టం. ఏడాదికి రెండు వారాలు. రైలు టిక్కెట్టు మీద నలభై శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. అంతకుముందు సముద్రం ఒడ్డున సెలవులంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం. తర్వాత మూడేళ్లకే యుద్ధం వచ్చిపడింది. మూడో వారం సెలవు 1956లో గానీ రాలేదు. ఈ సినిమా ఆ రెంటికీ నడుమ పుట్టింది. సెలవు తీసుకోవడం ఇంకా పూర్తిగా అలవాటు కాని జనం వీళ్లు. ఎలా ఖాళీగా ఉండాలో తెలీదు పాపం.

అందుకే చూడండి, గంట కొడితే భోజనానికి లేస్తారు, గంట కొడితే వస్తారు. వ్యాపారి ఒకాయన ఈతకి దిగాడో లేదో ఫోనొచ్చిందని పిలుపు. సైన్యంలో చేసొచ్చిన పెద్దాయన పిక్నిక్‌ని కూడా దండయాత్రలా నడిపిస్తాడు. ఓ కుర్రాడు మార్తీన్ పక్కన చేరి రాజకీయ సిద్ధాంతాలు దంచుతాడు. రాత్రయితే అందరూ రేడియో చుట్టూ. ఫ్యాన్సీ డ్రెస్ డాన్సు పెడితే వచ్చింది హులో, మార్తీన్, కొందరు పిల్లలు. మిగిలిన పెద్దలంతా పక్క గదిలో రేడియోలో ఉపన్యాసం వింటున్నారు! ఇల్లు వదిలి వచ్చారు గానీ ఆఫీసు, పటాలం, వార్తలు మూటగట్టుకుని తెచ్చుకున్నారు. ఆ హోటల్లో నిజంగా సెలవులో ఉన్నది హులో ఒక్కడే. వాళ్లందరికీ వాడంటే పడకపోవడానికి నా లెక్కలో అదే కారణం.

తీసిన చోటు గురించి నాకు ఈమధ్యే తెలిసింది, తెలిశాక సినిమా ఇంకోలా కనిపిస్తోంది. అట్లాంటిక్ ఒడ్డున సేం-మార్క్-స్యుర్-మేర్ అనే చిన్న ఊరు. సేం-నజేర్ పట్నంలో భాగం. ఆ సేం-నజేర్‌లో జర్మన్లు జలాంతర్గాముల స్థావరం కట్టారు, దానికోసం మిత్రపక్షాలు బాంబులు కురిపిస్తే ఊరు దాదాపుగా నేలమట్టమైంది. యూరప్‌లో యుద్ధం ముగిసింది 1945 మే 8న అంటాం. అక్కడి జర్మన్ దళం లొంగింది 11న. తాతి కెమెరా తీసుకెళ్లింది 1951 వేసవిలో. ఆరేళ్లు. అవతల పట్నం ఇంకా ఇటుకా ఇటుకా పేర్చుకుంటోంది, ఇవతల గుడారాలు, ఐస్‌క్రీంలు. సినిమాలో యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. చివర్లో హులో అగ్గిపుల్ల వల్ల ఆ గుడిసెలో దాచిన బాణసంచా పేలిపోతుంది కదా, హోటల్ కిటికీల్లో ఒక్కొక్కటే దీపాలు వెలుగుతాయి, నిద్రబట్టల్లో అందరూ కంగారుగా బయటికి చూస్తారు. ఆ కంగారు చూస్తే నాకు నవ్వుతోపాటు ఇంకేదో అనిపిస్తుంది. ఆరేళ్ల కిందట అదే ఒడ్డున రాత్రిపూట పేలుళ్లంటే ఏమిటో వాళ్లకి బాగా తెలుసు. తాతి అనుకుని పెట్టాడా అంటే చెప్పలేను. నాకలా వినిపించింది.

చావు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి శ్మశానం సీను. నన్నడిగితే సినిమాకి తలమానికం అది. కారు టైరు పోయి హులో బండి శ్మశానం లోపలికొచ్చి ఆగుతుంది. లోపల ఎవరిదో అంత్యక్రియ. హులో స్పేరు ట్యూబు బయటికి తీస్తాడు, అది తడి ఆకుల మీద దొర్లుతుంది, ఆకులన్నీ అంటుకుపోతాయి. నల్ల ట్యూబు గుండ్రంగా, చుట్టూ ఆకులు. అక్కడి పనివాడు దాన్ని పూలచక్రమనుకుని మర్యాదగా తీసుకెళ్లి మిగతావాటి పక్కన పెడతాడు. హులో వద్దనలేడు, మర్యాదస్థుడు. కాసేపటికి ఆ పూలచక్రం లోంచి గాలి బుస్సున పోవడం మొదలవుతుంది. అంత గంభీరమైన మౌనంలో ఆ బుస్సు! ఈలోగా హులో చేరకూడని వరసలో చేరిపోయాడు, సంతాపం చెప్పే జనమంతా వచ్చి వాడి చేతులు పట్టుకుని ఊపి వెళ్తున్నారు. వాడూ ఎంతో వినయంగా అందరికీ చెయ్యిస్తాడు. ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు, చచ్చినవాణ్ణీ కించపరచలేదు. ఇలాంటిది రాయడం ఎంత కష్టమో కలం పట్టినవాళ్లకే తెలుస్తుంది.

సంగీతం అలెన్ రొమాన్స్ చేశాడు. ఒకటే బాణీ, "పారిస్‌లో వాతావరణం ఎలా ఉంది" అని దాని పేరు. తిప్పి తిప్పి అదే వస్తుంది, రేపు పొద్దున పళ్లు తోముకుంటూ మీరూ కూనిరాగం తీస్తారు చూడండి.

సినిమాకి ఫ్రెంచి సినిమాలకిచ్చే లూయి దెల్లుక్ బహుమతి వచ్చింది, రచనకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. విమర్శకుడు ఆంద్రే బజాన్ విడుదలైన ఏడాదే దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. మిస్టర్ బీన్ వేసిన రోవన్ అట్కిన్సన్ కుర్రాడిగా ఈ సినిమా చూసి ముగ్ధుడైపోయానని చెప్పుకున్నాడు. మాటల్లేకుండా సినిమా అంటే మనవాళ్లకి సింగీతం గారి పుష్పక విమానం గుర్తొస్తుంది, రావాలి కూడా. అందులో చప్పుళ్లకి పట్టిన చాకిరీ నాలాంటివాడికి తెలుసు. తేడా ఒకటుంది. అందులో ఎవరూ మాట్లాడరు. ఇందులో అందరూ మాట్లాడతారు, ఆ మాటలు కూడా తలుపు చప్పుడులాంటివే.

తాతి దీన్ని అక్కడితో వదల్లేదు. 1962లో మళ్లీ కూర్చి, శబ్దమంతా మళ్లీ సవరించాడు. ఆ తర్వాత ప్లేటైమ్ అని 1967లో చాలా పెద్ద సినిమా తీసి అప్పులపాలయ్యాడు, తన సినిమాల మీద హక్కులే పోగొట్టుకున్నాడు. అది వేరే కథ, ఇంకో రోజు. నన్ను కదిలించేది 1978. డెబ్బై ఏళ్ల మనిషి, మళ్లీ అదే ఒడ్డుకి వెళ్లాడు. ఇందాక మీరు చూశారే, చిన్న పడవ నడుముకి విరిగి హులో మీద మూసుకుపోతే షార్క్ నోరులా కనిపించి జనం బెదిరి ఒడ్డుకి పరుగులు తీసిన ముక్క, అది అప్పుడు తీసి కలిపాడు. అప్పటికి జాస్ అనే షార్క్ సినిమా వచ్చి మూడేళ్లయింది, ఆయనకి కితకితలు పుట్టినట్టుంది. పాతికేళ్లు దాటిన సినిమాలో కొత్త ముక్క అతికి, అతుకు తెలీకుండా చెయ్యడం! మేము నిన్నటి రీలుకి ఇవాళ్టి చప్పుడు కలపడానికే చచ్చేవాళ్లం. తర్వాత నాలుగేళ్లకి, 1982లో పోయాడు. ఇప్పుడా ఒడ్డున హులో కంచు బొమ్మ ఉంది, నడుం వంచి సముద్రం వైపు చూస్తూ. హోటలూ ఉంది.

మూడో వరస పెద్దాయన ఇంకా నాకేసి అనుమానంగానే చూస్తున్నారు. (నవ్వులు) సార్, కథ సంగతి వదిలెయ్యండి, ఒక పని చేద్దాం. ఆపరేటర్ బాబూ, ఆ భోజనాల గది సీను మళ్లీ పెట్టు. లెన్సు ముందు అట్టముక్క అడ్డం పెట్టు, బొమ్మ వద్దు. సౌండ్ మాత్రం తగ్గించకు. మీరందరూ టీ తాగుతూ ఆ తలుపు ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టండి, నేను కూడా లెక్కపెడతాను. పోయినసారి నాకూ మా ఆవిడకీ రెండు తేడా వచ్చింది.